పెద్దగొంతు బాబాయి

జంషెడ్‌పూర్ తెలుగు చర్చి క్వయిర్‌లో వెనక వరసలో చివర నిలబడి, అందరికంటే ముందు పాట ఎత్తుకునేవాడు పెద్దగొంతు బాబాయి. అసలు పేరు చర్చి రిజిస్టరులో తప్ప వాడుకలో ఉండదు.

1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టాక, బతుకుతెరువు కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి రైలెక్కి వచ్చిన కుటుంబాల్లో ఇతనిది మూడో తరం. బడి చదువు హిందీలో సాగింది. తెలుగు అక్షరాలు నాయనమ్మ ఒడిలో, పాటల పుస్తకం మీదే దిద్దుకున్నాడు.

గొంతుకు కారణం కార్ఖానా. మిల్లు మోతలో పక్కవాడికి మాట వినబడాలంటే అరవాలి. ముప్పయ్యేళ్లు అలా అరిచిన గొంతు ఆదివారం పూట మెత్తబడమంటే మెత్తబడదు. అందుకే మైకును అతనికి రెండు గజాల దూరంలో పెడతారు.

శ్రుతి విషయంలో ఇతను స్వతంత్రుడు. కీబోర్డు కుర్రాడు శ్రుతి ఇస్తాడు. బాబాయి దాన్ని మర్యాదగా విని, తన శ్రుతిలో ఎత్తుకుంటాడు. కుర్రాడు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతూ వెతుక్కుంటాడు. మొదటి చరణానికి దొరుకుతుంది. రెండో చరణానికి బాబాయి మరో మెట్టు ఎక్కేస్తాడు. శనివారం ప్రాక్టీసులో ఈ మాట ఎత్తితే జవాబు ఒకటే: "ఏట్రా నీ షార్పూ గీర్పూ! నాను ఎత్తుకుంతాను, నువ్వు ఎనకాల రా."

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. వాటిలో ఎన్నో కీర్తనలు కట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) శ్రీకాకుళం ప్రాంతంలో బోధకుడిగా పనిచేశాడు. ఊరాయన పాటకు తనకొకరు రాగం చెప్పేదేమిటని బాబాయి ధీమా.

హాజరు షిఫ్టును బట్టి ఉంటుంది. రాత్రంతా సీ షిఫ్టు చేసి ఉదయం 6 గంటలకు దిగిన ఆదివారం, స్నానం చేసి నేరుగా వచ్చేస్తాడు. ప్రసంగంలో కునుకు తీస్తాడు. పాట నంబరు వినబడగానే లేచి నిలబడతాడు.

ఇంత జరిగినా ఇతన్ని ఎవరూ తీసేయరు. కుర్రకారు తెలుగు పాటను హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతారు. మామూలు హిందీ రాతలో ఎ, ఏ రెండూ ఒకటే. ఒకసారి ప్రాక్టీసులో "మెడ వంచి" కాస్తా "మేడ వంచి" అయింది. బాబాయి పాట ఆపించి, తన మెడ తట్టి చూపించాడు. తర్వాత కిటికీలోంచి ఎదురుగా ఉన్న నాలుగంతస్తుల క్వార్టర్స్ చూపించాడు. ఇతని శ్రుతి తప్పుతుంది గాని మాట తప్పదు.

ఉదయపు ‘ఏ’ షిఫ్టు పడిన ఆదివారం మధ్యాహ్నం 2 దాకా కార్ఖానాలోనే ఉంటాడు. ఆ రోజు చర్చిలో శ్రుతి చక్కగా నిలుస్తుంది. మేడలే వంగుతాయి.