నష్టానికే అమ్మండి: పడే మార్కెట్లో తలకిందుల సలహాలు

మార్కెట్ పడటం మొదలుకాగానే చుట్టూ సలహాలు మొదలవుతాయి. బావమరిది చెబుతాడు, ఆఫీసులో పక్క సీటు ఆయన చెబుతాడు, యూట్యూబ్‌లో రోజూ కనిపించే మనిషి చెబుతాడు. అందరి మాటా దాదాపు ఒకటే. "అమ్మితేనే నష్టం. అమ్మనంత కాలం అది కాగితం మీది లెక్క. ఓపిక పట్టు. ఇంకా పడితే ఇంకొన్ని కొని యావరేజ్ చెయ్యి. కొన్న ధర రాగానే బయటపడు." వింటే ఎంతో అనుభవం ఉన్న మాటలా ఉంటుంది. చిన్న మదుపరుల డబ్బును మోసగాళ్ల కంటే ఈ మాటే ఎక్కువ తినేసిందని నా నమ్మకం. కింద రాసినవన్నీ దానికి ఎదురు సలహాలు. కొన్ని మొండిగానూ కొన్ని పూర్తి తప్పుగానూ వినిపిస్తాయి. అయినా ప్రతి ఒక్కటీ మనస్ఫూర్తిగా చెబుతున్నదే.

ఇప్పుడే ఎందుకంటే, మన దేశంలో 2020 మార్చి నాటికి డీమ్యాట్ ఖాతాలు సుమారు 4 కోట్లు. 2024 మార్చికి 15 కోట్లు దాటాయి. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది పెరిగే మార్కెట్‌ను తప్ప మరొకదాన్ని చూడలేదు. 2024 సెప్టెంబరు 27న నిఫ్టీ 26,277ను తాకి, అక్కడి నుంచి వరసగా ఐదు నెలలు పడింది. 1996 తర్వాత అలా ఐదు నెలలు ఆగకుండా పడటం అదే మొదలు. యాప్‌లో అంకెలన్నీ ఎర్రబడటం అప్పుడే మొదటిసారి చూసినవాళ్లు మన ఊళ్లలో, మన బంధువుల్లో ఎందరో ఉన్నారు. పడటం అప్పటితో ఆగిపోయేది కాదు, మళ్లీ వస్తుంది.

మొట్టమొదట, కొన్న ధర మరచిపోండి. మిగతా సలహాలన్నీ దీని మీదే నిలబడ్డాయి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

400కి కొన్న షేరు 140కి వచ్చింది. "400 వస్తే అమ్మేస్తాను" అంటారు. ఆ 400 ఎవరి లెక్క? కంపెనీకి దానితో పని లేదు, రేపు ఆ షేరు కొనబోయేవాడికి అది తెలియదు. అది మీకూ మీ డీమ్యాట్ ఖాతాకూ తప్ప లోకంలో ఎవరికీ అక్కర్లేని అంకె. అయినా మన నిర్ణయాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఆ అంకెను చెరిపేసి ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ షేరు నా దగ్గర లేదు, చేతిలో 140 రూపాయలు ఉన్నాయి, ఇవాళ దీన్ని కొంటానా? కొనను అనిపిస్తే, దాన్ని అట్టిపెట్టుకున్న ప్రతిరోజూ మీరు మనసుకు నచ్చని షేరును మళ్లీ కొంటున్నట్టే.

యస్ బ్యాంక్ సంగతి చూడండి. 2018 ఆగస్టులో ఆ షేరు 400 దాకా వెళ్లింది. సెప్టెంబరులో బ్యాంకు అధిపతి రాణా కపూర్ పదవీకాలాన్ని రిజర్వ్ బ్యాంక్ కుదించింది, ఒక్కరోజులో షేరు సుమారు 30 శాతం పడింది. సగం ధరకే దొరుకుతోందని 200కి కొన్నవాళ్లున్నారు. పావు ధరకని 100కి కొన్నవాళ్లున్నారు. 50కి వచ్చాక "బ్యాంకు కదా, ఎక్కడికి పోతుంది" అని కొన్నవాళ్లూ ఉన్నారు. 2020 మార్చి 5న బ్యాంకు మీద మారటోరియం పెట్టారు. ఖాతాదారులు 50 వేలకు మించి తీసుకోలేకపోయారు. ఆ తర్వాత వచ్చిన పునరుద్ధరణ పథకంలో, 100 షేర్లకు మించి ఉన్నవాళ్ల వాటాలో 75 శాతాన్ని మూడేళ్లపాటు అమ్మకుండా కట్టేశారు. జులైలో బ్యాంకు కొత్త షేర్లు అమ్మిన ధర 12 రూపాయలు. "సగం ధర" అన్న మాటలోనే మోసం ఉంది. సగం దేనిలో సగం? ఎప్పుడో ఎవరో ఇచ్చిన 400లో. ఆ 400 సరైన ధర అని ఎవరు చెప్పారు?

లెక్క కూడా మనవైపు లేదు. సగం పోయిన డబ్బు మళ్లీ మొదటికి రావాలంటే రెట్టింపు కావాలి. నూటికి 90 పోతే మిగిలిన పది పదింతలు కావాలి. 12కి వచ్చిన షేరు 400 చేరాలంటే 33 రెట్లు పెరగాలి. అలా పెరిగే కంపెనీలు దేశంలో లేకపోలేదు. పడిపోయినందువల్లే మీ దగ్గరున్నది వాటిలో ఒకటి అవుతుందనుకోవడానికి మాత్రం కారణం ఏమీ లేదు.

అందుకే, అమ్మవలసి వస్తే ఎర్రగా ఉన్నవే ముందు అమ్మండి. ఇంట్లో అవసరం పడినప్పుడు మనం చేసేది దీనికి ఎదురు. లాభంలో ఉన్న మంచి కంపెనీని అమ్మేసి, నష్టంలో ఉన్నదాన్ని దాచుకుంటాం, నష్టానికి అమ్మితే ఓడిపోయినట్టుంటుంది గనక. మూడు నాలుగేళ్లు ఇలా చేస్తే ఖాతాలో మంచివన్నీ పోయి నాసిరకం మిగులుతుంది. పన్ను లెక్క చూసినా ఇది తెలివితక్కువ పని. 2024 జులై 23 నుంచి ఏడాది దాటిన షేర్ల లాభంలో 1.25 లక్షలు పోను మిగతా దాని మీద 12.5 శాతం, ఏడాదిలోపు లాభం మీద 20 శాతం పన్ను కట్టాలి. నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని లాభంలో తగ్గించుకోవచ్చు. ఏడాదిలోపు నష్టం రెండు రకాల లాభాల్లోనూ, ఏడాది దాటిన నష్టం దీర్ఘకాలిక లాభంలో మాత్రమే తగ్గుతుంది. ఈ ఏడాది వాడుకోలేకపోతే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లవచ్చు, రిటర్ను గడువులోపు వేసి ఉంటేనే. అమ్మకుండా దాచుకున్న నష్టానికి ఈ సాయం ఏదీ అందదు.

"మరి సెన్సెక్స్ ఎప్పుడూ తిరిగి లేస్తుంది కదా?" అని అడుగుతారు. లేస్తుంది. 2020 మార్చి 23న ఒక్కరోజులో 3,935 పాయింట్లు పడి 25,981 దగ్గర ముగిసిన సెన్సెక్స్, అదే ఏడాది నవంబరులో 42 వేలు దాటి కరోనాకు ముందున్న ఎత్తును మించింది. ఎందుకు లేచిందన్నది ఎవరూ చెప్పరు. సెన్సెక్స్ నష్టానికి అమ్ముతుంది కాబట్టి. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ మోసం బయటపడగానే దాన్ని సూచీలోంచి తీసేసి సన్ ఫార్మాను చేర్చారు. తర్వాత యస్ బ్యాంకునూ తీసేశారు. కొన్న ధర రావాలని సూచీ కూర్చోలేదు, ఓపిక పట్టలేదు, యావరేజ్ చేయలేదు. చచ్చుబడిన కంపెనీలు బయటికి, పెరుగుతున్నవి లోపలికి. తిరిగి లేచే గుణం సూచీకి అలా వచ్చింది. మీ ఖాతాలో 2018లో కొన్న తొమ్మిది కంపెనీలు ఇప్పటికీ అవే ఉంటే, ఆ గుణం దానికి రాదు. సూచీని చూపించి మీ షేరుకు ధైర్యం చెప్పుకోకండి.

కాబట్టి విడి కంపెనీలో యావరేజ్ చేయకండి. ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా డబ్బు వేసే సిప్ ఉంటే మాత్రం పడుతున్నప్పుడు ఆపకండి. ఈ రెండూ ఒకదానికొకటి పొంతన లేని సలహాల్లా కనబడతాయి. చేసే పని ఒకటే గానీ కొనే సరుకు వేరు. చిత్రమేమిటంటే మనవాళ్లు సరిగ్గా తలకిందులు చేస్తారు. 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొత్తగా మొదలైన సిప్‌ల కంటే ఆగిపోయినవే ఎక్కువ. గడువు తీరినవీ, ఖాతాల శుద్ధిలో తీసేసినవీ అందులో ఉన్నా, భయంతో ఆపినవాళ్లు తక్కువేం కాదు. సిప్ ఆపిన చేతులే ఆ డబ్బును పడిపోతున్న చిన్న కంపెనీ షేరులో పోసి యావరేజ్ చేయడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

సత్యం పేరు వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. 2009 జనవరి 7న సత్యం అధిపతి రామలింగరాజు మోసాన్ని ఒప్పుకున్న లేఖ బయటికి వచ్చిన రోజు, ముందురోజు 179 ఉన్న షేరు 40 దగ్గర ముగిసింది. చవకని ఆరోజు కొన్నవాళ్లు, తర్వాత మార్కెట్ తెరిచిన రోజే అది 10 రూపాయల కిందికి జారడం చూశారు. ఏప్రిల్లో టెక్ మహీంద్రా ఒక్కో షేరుకు 58 రూపాయలిచ్చి వాటా కొంది. అట్టడుగున కొన్నవాళ్లు లాభపడ్డారు, ఆ కథ హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే ధైర్యంతో గృహరుణాల కంపెనీ డీహెచ్ఎఫ్ఎల్ షేరు కొన్నవాళ్ల కథ ఎవరూ చెప్పరు. 2018లో 600 పైన పలికిన ఆ షేరును 2021లో ఎక్స్ఛేంజీల నుంచి తీసేశారు, వాటాదారుల చేతికి ఒక్క రూపాయి రాలేదు. కొనే రోజున రెండు గుంపుల దగ్గరా ఉన్న సమాచారం ఒకటే: బాగా పడింది.

పోయినచోటే వెతుక్కోవాలన్న సామెతను మార్కెట్ దగ్గర మాత్రం మరచిపోండి. షేర్లలో పోయిన రెండు లక్షలను ఆప్షన్లలో రెండు వారాల్లో రాబట్టుకోవచ్చని చెప్పేవాళ్లు పడే మార్కెట్లోనే ఎక్కువగా కనబడతారు. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాలను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క కట్టింది. ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం పోయింది 1.8 లక్షల కోట్లకు పైనే. ఆ డబ్బు జీతంతో, వ్యాపారంతో, పంటతో తిరిగి రావాలి. రెండేళ్లు పడుతుందా, పట్టనివ్వండి.

అప్పు చేసి కొనడం గురించి రాయడానికే మనసు రావడం లేదు. బంగారం కుదువ పెట్టి, చిట్టీ పాడి, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి "డిప్‌లో" కొంటున్నారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఏటా అంత నమ్మకంగా ఇచ్చే షేరు ఎవరి దగ్గరా లేదు. బ్రోకరు యాప్‌లో ఒక్క నొక్కుతో వచ్చే మార్జిన్ ట్రేడింగ్ ఇంకా ప్రమాదం. షేరు పడి మార్జిన్ తగ్గితే డబ్బు వేయమంటారు, వేయకపోతే మీ షేర్లను అట్టడుగు ధరలో వాళ్లే అమ్మేస్తారు. ఇప్పటికే అలా తీసుకుని ఉంటే ఇవాళే షేర్లు అమ్మి తీర్చేయండి, ఎంత నష్టమైనా సరే.

పడ్డప్పుడు డబ్బు బయటికి తీయకూడదన్నది ఇంకో పాత సలహా. తీయండి, ఆ డబ్బుకు తేదీ ఉంటే. వచ్చే జూన్‌లో కూతురి ఇంజినీరింగ్ ఫీజు, ఏడాదిలో ఇంటి రిజిస్ట్రేషన్ అనుకున్న డబ్బు షేర్లలో ఉంటే, నష్టంతోనైనా ఇప్పుడే తీసి బ్యాంకులో వేయండి. దీర్ఘకాలం అన్నది ఎంత కాలమో ముందుగా ఎవరూ చెప్పలేరు. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ అక్టోబరుకల్లా 8 వేల కిందికి పోయింది. 2010 దీపావళికి మళ్లీ 21 వేలు తాకి జారిపోయింది, పాత గరిష్ఠాన్ని దాటింది 2013 చివర్లో. జపాన్ నిక్కీ 1989 డిసెంబరు నాటి ఎత్తును మళ్లీ చూడటానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. ఫీజు కట్టాల్సిన తేదీ నిక్కీ కోసం ఆగదు.

ఫోనులోంచి ట్రేడింగ్ యాప్ తీసేయండి. తీసేస్తే షేర్లు ఎక్కడికీ పోవు, అవి షేర్లను భద్రపరిచే సంస్థలైన ఎన్ఎస్‌డీఎల్‌లోనో సీడీఎస్ఎల్‌లోనో ఉంటాయి. దాని బదులు ఆ సంస్థలు ఈమెయిల్‌కు పంపే ఖాతా స్టేట్‌మెంటు తెరిచి, షేర్ల సంఖ్య సరిపోయిందో లేదో చూడండి. రోజుకు ఇరవైసార్లు ధర చూసేవాళ్లు కూడా దాన్ని తెరవరు. 2019 నవంబరులో హైదరాబాదు కేంద్రంగా ఉన్న కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద సెబీ ఆంక్షలు పెట్టింది, ఖాతాదారుల షేర్లను కుదువ పెట్టి తాను అప్పులు తెచ్చుకున్నందుకు. ధర పడటం మీ చేతిలో లేదు. షేర్లు ఉన్నాయో లేదో చూసుకోవడం మీ చేతిలోనే ఉంది.

చివరిది, ఇంట్లో చెప్పండి. "ఇప్పుడు చెబితే కంగారు పడతారు, కోలుకున్నాక చెబుదాం" అని అందరూ అనుకుంటారు. ఈ దాపరికం వల్లే చిన్న నష్టం పెద్దదవుతుంది. దాచినది బయటపడేలోపు పూడ్చాలన్న తొందర మనిషిని ఆప్షన్లలోకి, అక్కడి నుంచి వడ్డీ యాప్‌లలోకి తోస్తుంది. ఈ రాత్రే భార్యతోనో భర్తతోనో కూర్చుని ఒక కాగితం మీద మూడు అంకెలు రాయండి: ఇవాళ అమ్మితే చేతికి ఎంత వస్తుంది, అప్పు ఎంత ఉంది, వచ్చే రెండేళ్లలో ఏ తేదీకి ఎంత కావాలి. డీమ్యాట్‌లో నామినీ పేరు లేకపోతే అదీ రాయించండి. మాటలు పడవలసి వస్తుంది, పడండి. నష్టపోయిన మనిషి ఇంట్లో ఉంటే, మిగతావాళ్లకు కూడా ఒక విన్నపం: ఆ ఒక్క రాత్రికి "నేను ముందే చెప్పాను" అనకండి. నిద్ర పట్టకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన వచ్చినా 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, ఏ వేళకైనా పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు.