చాపరాయి గుర్రానికి టీకా తాత్పర్యం

మూలం: "గుర్రం కుంటతంది బాబూ, ఇయాల సవారీ లేదు."
(డుంబ్రిగుడ మండలం, చాపరాయి వాగు ఒడ్డున గుర్రం యజమాని ఉవాచ.)

టీక: గుర్రం = పర్యాటకుల పిల్లలను మోసి, ఫొటోలకు నిలబడి, నడుమ నడుమ మొక్కజొన్న పొత్తులు ఆరగించునది; కుంటతంది = ముందు కాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి, ముళ్ల మీద నడిచినట్టు అడుగు తీయుచున్నది; బాబూ = డబ్బు ముందే ఇచ్చినవాడా; సవారీ లేదు = ఆ డబ్బు తిరిగి ఇవ్వవలెనా అను సంశయము.

తాత్పర్యం: గుర్రం నడవదు.

విశేషం: కారణం దగ్గర వ్యాఖ్యాతలకు పడలేదు. పొత్తులు కాల్చి అమ్మే బడ్డీ ఆయన గాలికుంటు అన్నాడు. ఇది పూర్వపక్షం. గాలికుంటు గిట్ట చీలిన ఆవు, గేదె, మేక, పందులకే. ఒంటి గిట్ట గుర్రానికి రాదు.

రెండో ఆయన వాన అన్నాడు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. కొండవాన పట్టుకుంటే కట్టుగొయ్య చుట్టూ పేడ, మూత్రం, బురద ఒకటవుతాయి. రాత్రంతా అందులో నిలబడితే గిట్ట అడుగున మెత్తటి ముక్కోణపు భాగానికి అటూఇటూ ఉన్న చాళ్లు కుళ్లుతాయి. పుల్లతో గీస్తే నల్లటి జిగురు, ముక్కు మూసుకోవలసిన కంపు. విరాటుని గుర్రాలు కాచిన నకులుడైనా ముందు కాలెత్తి చూసేవాడు గదా అని ఎత్తి చూశాం. చాళ్లు పొడిగా ఉన్నాయి. రాయి ఇరుక్కోలేదు. లాడం మేకు గుచ్చుకుందందామా, అసలు లాడమే లేదు. ముందు గిట్టలు రెండూ మాత్రం చేయి పెడితే వేడి.

సిద్ధాంతం: దోషం కాలిది కాదు, కడుపుది. గింజ మితిమీరితే చిన్నపేగులో అరగని పిండిపదార్థం పెద్దపేగుకు దిగి పులుస్తుంది. అక్కడ పుట్టిన విషాలు రక్తంలో కలిసి, గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలను దెబ్బతీస్తాయి. ముదిరితే ఎముక పట్టు తప్పి కిందికి తిరుగుతుంది. పశువైద్యులు దీన్ని లామినైటిస్ అంటారు. రాత్రి కట్టు తెంచుకుని బడ్డీ వెనక గింజల బస్తాలో మూతి పెట్టిందని యజమానే చివరికి బయటపెట్టాడు. బడ్డీ ఆయన గాలికుంటు మీద అంత పట్టుదలగా ఎందుకున్నాడో అప్పుడు తెలిసింది.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో "ఇయాల" బదులు "రెండ్రోజులు" అని ఉంది. రెండూ అగ్రాహ్యం. కొత్త గిట్ట పైన పుట్టి ముందు కొస దాకా దిగడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది కనుక "ఈ ఏడు" అని దిద్దుకోవాలి. డబ్బు తిరిగివ్వడం విషయంలో మాత్రం "ఇయాల" అన్నదే సాధుపాఠం.