సమగ్ర మాస్టారు

భీమవరం చుట్టుపక్కల ఏ ఊరి హైస్కూలు గ్రౌండుకి సాయంత్రం పూట వెళ్ళినా ఇలాంటి మాస్టారు ఒకరు తగులుతారు. మెడలో విజిలు, చంకలో రిజిస్టరు. బంతి ఎక్కడుందో ఆయనకి తెలీదు, పిల్లల్ని అడగాలి. నిరుడు వేసవి సెలవుల్లో వర్క్‌షాపుకి వెళ్ళేదాకా ఆయన ఉత్త వాలీబాల్ కోచే. తిరిగొచ్చాక హోలిస్టిక్ కోచ్ అయ్యారు. ఊరు మాత్రం సమగ్ర మాస్టారంది.

ఆటగాడంటే కాళ్ళూ చేతులూ మాత్రమే కాదు, నిద్ర, తిండి, మనసు, ఇల్లు అన్నీ కలిస్తేనే ఆటగాడు అంటారాయన. కాదనే ధైర్యం ఎవరికుంది? 1895లో హోలియోక్‌లో విలియం మోర్గన్ ఈ ఆటని కనిపెట్టిందే, బాస్కెట్‌బాల్ ఆడితే ఆయాసపడే నడివయసు వ్యాపారుల కోసం. పాపం, ఆ షావుకార్లు ఏ రిజిస్టరూ నింపకుండానే ఆడేసి ఇళ్ళకి పోయారు.

మొదట నిద్ర. కుర్రాళ్ళకి ఎనిమిది గంటలకి తక్కువ కాకుండా పడాలట. రాత్రి పదకొండున్నరకి వాట్సాప్ గ్రూపులో మాస్టారి మెసేజ్: "అందరూ నిద్రపోయారా?" నిమిషం తిరక్కుండా పన్నెండు మందీ "యెస్ సార్" అని కొడతారు. మాస్టారు తృప్తిగా టిక్కులు పెట్టుకుంటారు.

తర్వాత మనసు. కళ్ళు మూసుకుని, బంతి లేకుండా, మనసులోనే మ్యాచ్ ఆడాలి. ఓ సాయంత్రం ఇలా ఆడుతూ ఆడుతూ ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. ఒకడు కొట్టిన స్మాష్ లైను మీద పడిందంటాడు, రెండోవాడు బయట పడిందంటాడు. మాస్టారు ఇద్దర్నీ విడదీసి, తనూ కాసేపు కళ్ళు మూసుకుని, అవుట్ ఇచ్చారు.

టైమవుట్ ముప్పై సెకన్లు. అందులో ఇరవై అయిదు ఊపిరికే పోతాయి. "లోపలికి... నెమ్మదిగా బయటికి..." మిగిలిన అయిదింట్లో, స్మాషర్ వెనక ఎవడు కాచుకోవాలో లిఫ్టర్ అడగబోతాడు. విజిలు పడుతుంది.

ఒళ్ళు నొప్పులకి ఐస్ స్నానం. రొయ్యల దేశంలో ఐసుకేం కరువు? ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు పెద్ద మనసు చేసుకుని, రొయ్యలు తోలే డ్రమ్ములు రెండు ఊరికే ఇచ్చారు. నొప్పులు తగ్గాయో లేదో గాని, ఆ వారమంతా జట్టు ఇళ్ళకి వెళ్తుంటే వీధిలో పిల్లులన్నీ వెంటపడ్డాయి.

ఇక ఇల్లు. తల్లిదండ్రుల మీటింగు పెట్టి పి.వి. రమణ గారి ఉదాహరణ తీశారు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టు ఆటగాడు, ఆయన భార్యా వాలీబాల్ క్రీడాకారిణే. "చూశారా, ఇల్లంతా వాలీబాలే! అందుకే వాళ్ళమ్మాయి సింధు అంతటిది అయింది." వెనక బెంచీలోంచి ఓ రైతు లేచాడు. "మరి ఆ పిల్ల బ్యాడ్మింటన్‌కి ఎందుకెళ్ళిపోయిందండీ మాస్టారూ?" మీటింగు అంతటితో ముగిసింది.

నిజం చెప్పాలంటే, ఆయన మాటలేవీ గాలివి కావు. ఎగిరెగిరి స్మాషర్ల మోకాలి చిప్ప కింద స్నాయువు దెబ్బతింటుంది. నెట్ కింద ఎదుటివాడి పాదం మీద దిగితే చీలమండ బెణుకుతుంది. ఈ ఆటలో పెద్ద శత్రువులు ఈ రెండే. వెనకటి మాస్టార్లకి వీటన్నిటికీ ఒకటే మందు: గ్రౌండు చుట్టూ ఇరవై రౌండ్లు, పైన నాలుగు తిట్లు. వాళ్ళ దగ్గర ఆడి, ఇప్పుడు మెట్లెక్కలేక రెయిలింగు పట్టుకుంటున్న వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ లెక్కన ఈయన దేవుడే. చిక్కల్లా ఎక్కడంటే, 2.43 మీటర్ల ఎత్తున ఉండాల్సిన నెట్ నడుం వంగి ఆర్నెల్లయినా, దాని ఆరోగ్యం రిజిస్టరుకి ఎక్కలేదు. సర్వీసు తీసుకోవడం జట్టులో సగం మందికి ఇప్పటికీ రాదు.

సంక్రాంతి టోర్నమెంటు ఫైనల్. అయిదో సెట్, 14-14. లిఫ్టర్ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు బంతి లేపాడు. స్మాషర్ కదల్లేదు. బంతి మెల్లగా వాడి పక్కనే పడింది. జనం గగ్గోలు. వాడు బిక్కమొహంతో మాస్టారి వంక చూపించాడు. మాస్టారు రిజిస్టరు ఎత్తి పట్టుకున్నారు: వాడి జంపుల కోటా అంతకు ముందు పాయింటుతోనే సరి! తర్వాతి సర్వీసు ఎవరూ తీసుకోలేకపోయారు, అది వేరే సంగతి.

కప్పు అవతలి ఊరికి పోయింది. సర్పంచి గారు నిలదీస్తే మాస్టారు తొణక్కుండా, "మ్యాచ్ పోయిందండీ, మోకాళ్ళు గెలిచాయి" అన్నారు.

ఆయన్ని మార్చాలని ఊళ్ళో మగవాళ్ళు సంతకాలు మొదలుపెట్టారు. తల్లులు ఆ కాయితం చింపేశారు. మావాడు పెరుగన్నం తింటున్నాడు, ఫోను పక్కన పెడుతున్నాడు, తెల్లారి పిలవకుండా లేస్తున్నాడు, మీ కప్పు ఎవడిక్కావాలి అన్నారు. మాస్టారు ఎక్కడికీ కదల్లేదు.

మీ ఊళ్ళోనూ ఇలాంటాయన ఉంటే పిల్లవాణ్ణి నిస్సందేహంగా చేర్పించండి. తిండి, నిద్ర, మోకాళ్ళు భద్రం. సర్వీసు మాత్రం ఆదివారాలు అవతలి ఊరికి పంపి నేర్పించుకోండి.