మైనస్ ఎవరిది?

పల్నాడులో ఒక ఊరు. వినాయకచవితి పందిరి వేశారు. కరెంటు ఎప్పుడు పోతుందో నమ్మకం లేదు, మైకుసెట్టు బ్యాటరీల మీదే నడవాలన్నారు. మాజీ సర్పంచి తన ట్రాక్టరు బ్యాటరీ పంపాడు. ఆ సంగతి తెలిసి, ఆయన మీద గెలిచిన కొత్త సర్పంచి గంట తిరక్కుండా తన ట్రాక్టరుదీ పంపాడు.

మైకుసెట్టు మెకానిక్ సంబరపడ్డాడు. అతని యాంప్లిఫయర్ బోర్డుకి సున్నాకి పైన ప్లస్సూ కావాలి, సున్నాకి కింద మైనస్సూ కావాలి. స్పీకరు అట్ట ముందుకు కదిలేటప్పుడు ఒకటి, వెనక్కి కదిలేటప్పుడు ఇంకొకటి పనిచేస్తాయి. కరెంటు మీద నడిపితే ఆ పని 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ చూసుకుంటుంది. బ్యాటరీలైతే మొదటిదాని మైనస్‌నీ రెండోదాని ప్లస్‌నీ కలిపి, కలిపినచోటు సున్నా అనుకుంటే సరి. అక్కణ్ణుంచి చూస్తే ఒక కొస 12 వోల్టులు పైన, రెండో కొస 12 వోల్టులు కింద.

ఇదే మాట గుడి అరుగు మీద అందరికీ వివరించాడు. వివరించకుండా ఉండాల్సింది.

"అయితే మాది ప్లస్సా, మైనస్సా?" అన్నాడు మాజీ సర్పంచి.

"రెండూ ఒకటేనండీ. మీటరు నల్లవైరు ఎక్కడ పెడితే అక్కడ సున్నా. మనం అనుకోవడంలోనే ఉంది."

"ఒకటే అయినప్పుడు వాళ్లదాన్నే మైనస్ చెయ్యి."

అవతల వర్గం కుర్రాళ్లు లేచారు. మైనస్‌కి తగిలిస్తే బ్యాటరీ పీక్కుపోతామన్నారు. రోజు మార్చి రోజు పెడదామంటే, చవితి నాడు ప్లస్ ఎవరిదని మళ్లీ మొదలైంది.

ఒక్క బ్యాటరీతోనే మైనస్ పుట్టించే దారులు లేకపోలేదు. రెండు సమానమైన రెసిస్టర్లు వరసగా పెట్టి నడుమ సున్నా తీయొచ్చు. కానీ స్పీకరు గట్టిగా కరెంటు లాగితే ఆ సున్నా అటో ఇటో జారిపోతుంది. 7660 అనే చిన్న ఐసీ కెపాసిటర్‌ని నింపి, తిరగేసి మైనస్ ఇస్తుంది. అది ఇచ్చే కాసిని మిల్లీయాంపులతో ఊరంతా వినబడే పాట రాదు. మెకానిక్ దగ్గర పాత కారు యాంప్లిఫయర్‌లోంచి తీసిన కన్వర్టర్ బోర్డు ఉంది. దాంట్లో టీఎల్494 ఐసీ ఒక్క బ్యాటరీ 12 వోల్టులనే సెకనుకి వేలసార్లు తెంపి కలుపుతుంటుంది. ఫెర్రైట్ రింగు మీద చుట్టిన రెండో చుట్టలో ఆ కరెంటు తేలుతుంది. ఆ చుట్ట నడుమ తీసిన తీగ సున్నా. డయోడ్లు దాటాక ఒకవైపు ప్లస్, ఒకవైపు మైనస్.

ఆ రాత్రి మెకానిక్ ఇద్దరి ఇళ్లకీ విడివిడిగా వెళ్లి చెవిలో చెప్పాడు, "మీదే ప్లస్ పెట్టానండీ, బయటికి అనకండి." ఇద్దరూ తృప్తిగా పడుకున్నారు. రెండు బ్యాటరీలూ బల్లకింద పక్కపక్కనే, ఎర్రగుడ్డ కప్పుకుని కూర్చున్నాయి.

ఎనిమిది రోజులూ పాటలు, భజనలు, అనౌన్స్‌మెంట్లు. ఎక్కడా గరగర లేదు. "ప్లస్ మనది కాబట్టి" అని రెండు వర్గాలూ ఎవరి అరుగుల మీద వాళ్లు మురిసిపోయారు. ఎదురుపడితే మాత్రం పలకరింపుల్లేవు.

తొమ్మిదోనాడు లడ్డూ వేలం. పాట లక్ష దాటింది. "లక్షా పదివేలు ఒకటోసారి" అంటుండగా మైకు మూగబోయింది.

మాజీ సర్పంచి విసురుగా వచ్చి గుడ్డ లాగేశాడు. కొత్త సర్పంచీ వంగి చూశాడు. రెండు బ్యాటరీలకీ వైర్లున్నాయి. వాటి రెండో కొసలు దేనికీ తగిలిలేవు, బల్లకాలికి ముడేసి ఉన్నాయి. యాంప్లిఫయర్ నుంచి వెళ్లిన అసలు వైరు వెనక పరదా సందులోంచి బయటికి పోయింది.

ఇద్దరూ ఆ వైరు పట్టుకునే వెళ్లారు. పందిరి వెనక, చింతచెట్టు కింద, దాని కొస నేలమీద పడి ఉంది. రోజూ అక్కడ ఆగే ట్రాలీ ఆటో లేదు. కాలనీలో ఎవరికో నొప్పులొస్తున్నాయని ఫోనొస్తే, ఆటో నడిపే కుర్రాడు వైరు ఊడదీసి నరసరావుపేట ఆస్పత్రికి బయల్దేరాడు. చవితికి ముందు చందా ఇవ్వబోతే, కాలనీ డబ్బులు వద్దని ఈ పందిరి కమిటీయే వెనక్కి పంపింది ఆ కుర్రాడినే. మైకుసెట్టు మోసుకొచ్చింది అతని ఆటోయే. పగలు తిరిగిన తిరుగుడుకే దాని బ్యాటరీ ఛార్జవుతుంది.

మెకానిక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కొత్త సర్పంచి ఆ వైరునీ, లోపల విగ్రహాన్నీ మార్చిమార్చి చూశాడు. ఎన్నికల తర్వాత మొదటిసారి మాజీ సర్పంచి భుజం మీద చెయ్యి వేశాడు.

"బావా, నిమజ్జనానికి కదిలించకముందే పంతులుగారిని పిలిపిద్దాం."

"అదే అనుకుంటున్నా బావా. శుద్ధి ఖర్చు చెరిసగం."