వాట్నీని బతికించిన ఆలుగడ్డ ఆత్మకథ

ఆత్మకథ అంటే 'నేను' అని మొదలుపెట్టడం రివాజు. ఈ కథలో ఆ 'నేను'ను మార్క్ వాట్నీ ఎప్పుడో తీసేసుకున్నాడు. ఆండీ వీయర్ రాసిన 'ద మార్షియన్' నవలలో చాలా భాగం అతని డైరీయే. అంగారకుడి మీద ఒంటరిగా చిక్కిన మనిషి రోజూ రాసుకున్న లెక్కలు, తిట్లు, జోకులు అందులో ఉంటాయి. అందుకని పటాన్‌చెరు దగ్గర చిట్కుల్‌లో ఓ అద్దెగదిలో, స్టవ్ పక్కన బుట్టలో పడి ఉన్న ఈ ఆలుగడ్డ తన సంగతి తానే ఎవరిదో అన్నట్టు చెప్పుకుంటోంది.

పుట్టింది జహీరాబాద్ వైపు ఎర్రనేలలో. తెలంగాణలో ఆలుగడ్డ పండే చోటు ఏదంటే ముందు ఆ ఊరి పేరే వస్తుంది. చలికాలపు పంట. అక్కడి నుంచి ముంబై హైవే మీద ఇస్నాపూర్ దాకా వచ్చి, చిట్కుల్ కిరాణా కొట్టుకు చేరింది. చుట్టూ కంపెనీలు, వాటిలో షిఫ్టులు చేసే బిహార్, ఒడిశా వాళ్ల గదులు. ఆలుగడ్డకు ఇక్కడ గిరాకీ తగ్గే రోజుండదు.

వంశం మాత్రం పాతది. అండీస్ కొండల్లో, టిటికాకా సరస్సు చుట్టుపక్కల వేల ఏళ్ల కిందట మొదలై, పోర్చుగీసు ఓడలెక్కి ఇండియాకు వచ్చింది. ఆకాశానికీ ఎక్కింది. 1995 అక్టోబర్‌లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగంలో భాగంగా కొలంబియా షటిల్‌లో చిన్న చిన్న గడ్డలు ఊరాయి. అయినా అసలు పేరు తెచ్చిపెట్టింది మాత్రం కంప్యూటర్ ప్రోగ్రామర్ వీయరే. ఆయన నవలను ముందు అధ్యాయాలుగా ఉచితంగా చదివించి, పాఠకులు అడిగితే 2011లో 99 సెంట్లకు కిండిల్‌లో పెట్టాడు. 2014లో క్రౌన్ సంస్థ అచ్చేసింది. 2015 అక్టోబర్‌కల్లా రిడ్లీ స్కాట్ తీసిన సినిమా థియేటర్లలో ఉంది. వాట్నీగా మ్యాట్ డామన్ వేశాడు, స్క్రిప్టు డ్రూ గొడార్డ్ రాశాడు.

ఈ గదిలో ఆ సినిమా ఓ ఆదివారం ఫోన్‌లో నడిచింది. నైట్ డ్యూటీ దిగిన ఆపరేటర్, ల్యాబ్‌లో పనిచేసే తమ్ముడి వరస కుర్రాడు కలిసి చూశారు. నవల చదివింది కుర్రాడే.

"అన్నా, పుస్తకంల ఇట్ల లేదే."

"ఎట్లుందిరా మరి?"

"ఆ మాట్లాడే మిషను మధ్యల్నే కరాబైతది. ఆయనే చేస్కుంటడు."

అంతే, ఆపరేటర్ ఫోన్ పక్కన పెట్టాడు. ఆ తర్వాత గంటసేపు జరిగిన వాదన మొత్తం ఈ ఆలుగడ్డ విన్నది. తన వాళ్ల విషయం కాబట్టి చెవి ఒగ్గి మరీ విన్నది.

ముందు స్వకులాభిమానం. నవలలో థాంక్స్‌గివింగ్ పండుగ భోజనానికి నాసా పంపిన పచ్చి గడ్డలు పన్నెండు. వాట్నీ ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు కోస్తాడు, ప్రతి ముక్కకూ కనీసం రెండు కళ్లు ఉండేలా చూస్తాడు. జహీరాబాద్ రైతు విత్తనం గడ్డను చూసినట్టే వాట్నీ కూడా కళ్లనే చూస్తాడు. తర్వాత అసలు పని మొదలవుతుంది. మలం ఎరువు కావాలి, భూమి నుంచి తెచ్చిన గుప్పెడు మట్టిలోని సూక్ష్మజీవులు పెరగాలి, అతను ఉంటున్న గుడారం నేలంతా మడి కావాలి, అదీ చాలక మంచాల మీదా రోవర్ గుడారాల్లోనూ మట్టి పరవాలి. నీళ్లకు రాకెట్ ఇంధనం హైడ్రజీన్‌ను విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను మండించాలి. రసాయన రియాక్టర్ల మధ్య బతికే పటాన్‌చెరు మనిషికి ఈ పేజీలు చదువుతుంటే చెమటలు పడతాయి. గుడారంలో కాలని హైడ్రోజన్ పేరుకుపోయిందని వాట్నీ గుర్తించడం, తప్పించుకునే దారి వెతకడం, చివరికి పేలుడు... నవలలో ఇదంతా ఒక పెద్ద ఘట్టం. సినిమాలో ఒక్క ఢామ్, పొగలు కక్కుతున్న హీరో, ఒక జోకు. అయిపోయింది.

అయినా సినిమా మీద ఈ గడ్డకు కోపం లేదు. మొదటి మొలక మట్టిని చీల్చుకుని రావడం నవలలో చప్పున దాటిపోతుంది. స్కాట్ కెమెరా దాని ముందు మోకరిల్లింది. హంగరీలోని బుడాపెస్ట్ స్టూడియోలో నిజం మొక్కలే పెంచి చూపించారు. కెచప్ అయిపోయాక నొప్పిమాత్ర పొడిలో ముంచుకుని ఆలుగడ్డ తినే దృశ్యం వంద క్యాలరీ లెక్కల పెట్టు. రోజూ ఒకే కూర తినేవాడి మొహం ఎలా ఉంటుందో డామన్‌కు బాగా తెలుసు.

గుడారం పగిలి పంట చచ్చిపోయే ఘట్టం రెండింటిలోనూ ఉంది. సినిమాలో పగిలిన హెల్మెట్‌కు టేపు చుడతాడు. నవలలో సూటు చెయ్యినే కోసి ఆ గుడ్డతో ముఖం అద్దానికి మాటు వేస్తాడు. సినిమావాళ్లు సులువైన దారి పట్టారు. చచ్చింది పంట మాత్రమే. అంతకుముందు తవ్విన గడ్డలు చలికి గడ్డకట్టి తినడానికి పనికొచ్చేలా మిగిలాయి. అండీస్ ప్రజలు కొండ చలిలో ఈ వంశం గడ్డలను ఆరబెట్టి 'చూన్యో' చేసి ఏళ్ల తరబడి దాచుకునే పద్ధతి కూడా ఇలాంటిదే.

ఇక కుర్రాడు పట్టుకున్న అసలు తేడా. 1997లో దిగి ఆ ఏడే మూగబోయిన పాత్‌ఫైండర్ నౌకను వాట్నీ తవ్వి తెచ్చి భూమితో మాట కలుపుతాడు. ఇంతవరకు రెండూ ఒకటే. నవలలో రోవర్ కోసం డ్రిల్లింగ్ చేస్తూ షార్ట్ సర్క్యూట్‌తో దాన్ని వాట్నీ తానే కాల్చేసుకుంటాడు. అప్పటి నుంచి అతను రాళ్లు పేర్చి మోర్స్ సంకేతాలు రాయగలడు, ఉపగ్రహం ఫొటో తీస్తే నాసా చదువుకోగలదు. జవాబు రాదు. అలాగే తనను పైకి తీసుకెళ్లే రాకెట్ కోసం 3,200 కిలోమీటర్లు రోవర్‌లో వెళ్తాడు. దారిలో దుమ్ము తుపాను ఎదురవుతుంది. భూమ్మీద అందరూ చూస్తున్నారు, చెప్పే మార్గం లేదు. సోలార్ పలకలను దూరం దూరంగా పెట్టి, ఏది ఎంత కరెంటు ఇస్తోందో పోల్చి, తుపాను ఎటుందో అతనే కనిపెడతాడు. షియాపరెల్లి బిలంలోకి దిగుతుంటే రోవర్ తిరగబడుతుంది. ఇవేవీ సినిమాలో లేవు. ప్రయాణమంతా జోర్డాన్‌లోని వాదీ రమ్ ఎడారి అందంతో, పాటతో సాగిపోతుంది.

ఈ గడ్డ తీర్పు ఇది: పాత్‌ఫైండర్‌ను కాపాడి సినిమా తన కథలోని ఒంటరితనాన్ని పోగొట్టుకుంది. రెండున్నర గంటల్లోపు ముగించాలి, నాసా గదిలోని తారాగణానికి పని ఉండాలి, నిజమే. కానీ సలహా ఇచ్చేవాళ్లు లేనప్పుడే వాట్నీ ఎంత తెలివైనవాడో తెలుస్తుంది.

వెంకట్ సంగతి కూడా చెప్పాలి. నవలలో నాసా అధికారి వెంకట్ కపూర్. సినిమాలో విన్సెంట్ కపూర్ అయ్యాడు, వేసింది చివెటెల్ ఎజియోఫోర్. బాగానే చేశాడు. పేరు ఎందుకు మార్చాలో మాత్రం చిట్కుల్‌లో ఎవరికీ అర్థం కాలేదు. అంతరిక్షంలో వాట్నీని కాపాడే ముగింపు సంగతీ ఇంతే. సూటుకు చిల్లు పెట్టుకుని ఐరన్ మ్యాన్‌లా ఎగరడం నవలలో జోకు, కమాండర్ కొట్టిపారేస్తుంది. సినిమాలో నిజంగానే ఎగురుతాడు. పైగా నవలలో వాట్నీని అందుకునేది డాక్టర్ బెక్, సినిమాలో కమాండర్ లూయిస్.

రెండూ కలిసి వదిలేసిన విషయం మట్టిలోని విషం. 2008లో ఫీనిక్స్ నౌక అంగారక మట్టిలో పర్‌క్లోరేట్ కనిపెట్టింది. థైరాయిడ్‌కు చేటు చేసే లవణం అది. నీళ్లతో కడిగితే పోతుంది, వాట్నీకి అన్ని నీళ్లెక్కడివి? మట్టిలో విషం అంటే ఏమిటో ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ చూశారు. ఆ నీళ్లు పారిన వాగుల వెంట ఉన్న పొలాలవాళ్లు నవల చదివితే మొదట ఆ మట్టిలో పంట పండుతుందా అనే అడుగుతారు.

అడిగినవాళ్లు వేరేచోటా ఉన్నారు. చిట్కుల్‌కు దగ్గర్లోనే 1972 నుంచి ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ చూసుకుంటుంది. దాని అక్కలాంటి సంస్థ, లీమాలోని అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రం, నాసా సలహాతో 2016లో పెరూ ఎడారి ఉప్పుమట్టిని అంగారక వాతావరణాన్ని పోలిన పెట్టెలో పెట్టి గడ్డలు నాటింది. మొలకలు వచ్చాయి. సినిమా విడుదలైన మరుసటి ఏడే ఇది జరగడం ఈ వంశానికి గర్వకారణం.

ముందు సినిమా చూడండి, తర్వాత నవల పట్టుకోండి. అలా అయితే రెండో సగంలో చాలా వరకు కొత్త కథే దొరుకుతుంది. ఆలుగడ్డల లెక్కలు వచ్చిన చోట మాత్రం పేజీలు తిప్పేయకండి.