పచ్చకామెర్ల పరీక్షలు

శుక్రవారం సాయంత్రం ఆరున్నర. రిలీజ్ ముహూర్తం దగ్గరపడుతుంటే ఇంటిగ్రేషన్ టెస్టుల్లో ఒకటి ఎర్రబడింది. అలాంటప్పుడు మా ఆఫీసులో ఎవరూ యాప్ తెరిచి చూడరు, రీరన్ నొక్కుతారు. మళ్ళీ పోయిందా, మళ్ళీ నొక్కుతారు. మూడోసారి పచ్చటిక్కు పడగానే హమ్మయ్య అనుకుంటూ టీకి లేస్తారు. రెండుసార్లు తప్పిన కుర్రాడు సప్లిమెంటరీలో గట్టెక్కితే ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నట్టు. ఆ రెండుసార్లూ ఎందుకు తప్పాడని మాత్రం ఎవరూ అడగరు. ఓసారి పోయి ఓసారి నెగ్గే ఆ రోగానికి మా దగ్గర 'ఫ్లేకీ' అని పేరుంది. పేరు దొరికింది కాబట్టి ఇక మందు అక్కర్లేదు.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. వాడికి పాపం జబ్బు దానంతటదే వచ్చింది. మేం డబ్బులిచ్చి సర్వర్లు అద్దెకు తీసుకుని మరీ తెచ్చుకున్నాం.

1990ల్లో జావా అమ్మినవాళ్ళు ఒక్కసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందన్నారు. అలాంటి ఆశతోనే 2018 డిసెంబరులో యాప్‌లు కట్టే ఫ్లట్టర్ 1.0 వచ్చింది, 2021 మార్చిలో వెబ్‌కూ స్థిరమైన రూపం ఇచ్చామన్నారు. ఆండ్రాయిడ్, ఐఫోన్, బ్రౌజర్ అన్నిటికీ ఒకే కోడు. ఇంకేం, ముగ్గురి పని ఒకడికి అంటగట్టి ఇద్దరి జీతం మిగుల్చుకున్నారు. కోడు ఒకటే అయినా పరీక్ష మూడుచోట్లా పెట్టాల్సిందేనన్న ముక్క ఆ లెక్కలోకి రాలేదు.

వెబ్ టెస్టు నడపాలంటే పక్కన క్రోమ్ బ్రౌజర్‌ను నడిపే క్రోమ్‌డ్రైవర్ 4444 పోర్టులో కూర్చుని ఉండాలి. క్రోమ్ రాత్రికి రాత్రి తనంతట తాను అప్‌డేట్ అవుతుంది, డ్రైవర్ అవ్వదు. పొద్దున్నే ఇద్దరికీ మాటల్లేవు. యాప్ తెరుచుకోకముందే టెస్టు పడిపోతుంది. ఐఫోన్‌కైతే మ్యాక్ కావాలి. ఆఫీసంతటికీ ఉన్న ఒక్క మ్యాక్ డిజైనర్ బల్లమీద ఉంటుంది. అందుకని ఐఫోన్ టెస్టులకు 'స్కిప్' తగిలించారు. "స్కిప్ అంటే ఫెయిల్ కాదు కద్సార్!" అన్నాడు మా లీడ్. కాదు మరి. పరీక్ష రాయనివాడు తప్పాడని ఎలా అంటాం?

మిగిలింది ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్. దానికి బ్యాటరీ అయిపోదు, ఫోన్ రాదు, సిగ్నల్ పోదు. ఓటీపీ ఎప్పుడూ 123456. లొకేషన్ అడిగే డబ్బా యాప్‌ది కాదు, ఫోన్‌ది. ఫ్లట్టర్ టెస్టుకు అది అందదు. కాబట్టి అనుమతులన్నీ ముందే ఇచ్చేస్తారు. మా టెస్టులోని వినియోగదారుడు దేనికీ కాదనడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నది ఇలాంటి యాప్‌ని చూసే అని ఉంటారు.

పంప్‌అండ్‌సెటిల్ అని ఒక ఆజ్ఞ ఉంది. తెరమీద కదలికలన్నీ ఆగేదాకా వేచి ఉండు అని దాని అర్థం. లోడింగ్ చక్రం ఆగదు కదా! అది తిరుగుతూనే ఉంటుంది, టెస్టు చూస్తూనే ఉంటుంది. వేరే గడువు చెప్పకపోతే పది నిమిషాలు చూసి చేతులెత్తేస్తుంది. చక్రం ఎందుకు ఆగలేదని వెతకడం ఒక దారి. మావాళ్ళు టెస్టు నడిచేటప్పుడు చక్రాన్నే దాచేశారు.

ఇక తెలుగు సంగతి. మా టెస్టుల్లో అందరి పేరూ 'టెస్ట్', ఇంటిపేరూ 'టెస్ట్'. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఓ గుర్తుతో వచ్చేసరికి, ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సర్దుకుంది. అంతటి ఫోనుకూ జ్ఞానం మొదటి అక్షరమే అరగలేదు. ఆ కబురు విని నవ్వినవాళ్ళలో మేమూ ఉన్నాం. నవ్వాక మా టెస్టుల్లో ఒక్క తెలుగు పేరైనా చేర్చామా అంటే, లేదు.

అసలు టెస్టుకు కళ్ళుండవు. 'సమర్పించండి' అనే మాట ఉందా అని విడ్జెట్ల జాబితా తిరగేసుకుంటుంది. బ్రౌజర్‌లో తెలుగు ఫాంటు దిగకముందు అక్షరాల చోట డబ్బాలు కనబడుతున్నా దానికి మాట దొరికింది కాబట్టి పాస్. బొమ్మలు పోల్చే గోల్డెన్ టెస్టులున్నాయి కదా అంటారా? ఫాంటు విడిగా ఎక్కించకపోతే వాటిలో ఇంగ్లీషు కూడా డబ్బాలే. అక్కడ డబ్బాలు రావడమే పాస్!

పోయిన నెల బుద్ధి గడ్డితిని నేనొక టెస్టు రాశాను. భాష తెలుగు, పేరు జ్ఞానేశ్వరి, చేతిలో ఏడు వేల రూపాయల అసలు ఫోను. ఎర్రబడింది. రీరన్ నొక్కారు, ఎర్రబడింది. మూడోసారీ ఎర్రబడింది. ఫ్లేకీ అనడానికి కూడా వీల్లేనంత నిలకడగా ఎర్రబడింది.

మేనేజర్ కుర్చీలోంచి లేచొచ్చి తెర వంక చూశాడు. ఏం చెడిందని అడగలేదు.

"ఈ టెస్టు రాసిందెవరు?" అన్నాడు.

"నేనే సార్."

సోమవారం పొద్దున చూస్తే తెరంతా పచ్చగా ఉంది. నా టెస్టు స్కిప్ జాబితాలో ఉంది. నేను ఇంకో ప్రాజెక్టులో ఉన్నాను.