మా రోజుల్ల పేరు లేని రోగం

మా చిన్నప్పుడు నల్లమలల ఉన్న మన్ననూరుల చలికాలమొస్తే సంకబిడ్డలున్న ఇండ్లల్ల భయం మొదలైతుండె. పొద్దున ఆడుకున్న పిల్లగాడు మాపటికి కక్కుడు, బేదులు. తెల్లారేసరికి కండ్లు లోపలికి పోతుండె, నాలుక ఎండుతుండె. పండ్లొస్తున్నయనేటోళ్లు, దిష్టి తగిలిందనేటోళ్లు. నీళ్లియ్యొద్దని పెద్దోళ్లే ఆపుతుండిరి. ఆ నీళ్లే పానం నిలబెడతయని చెప్పే మనిషి లేకుండె.

ఆ రోగం తెచ్చేదానికి రోటావైరస్ అని పేరున్నదని, 1973ల ఆస్ట్రేలియాల రూత్ బిషప్, ఆమె తోటోళ్లు జబ్బుపడ్డ పిల్లల పేగుల్ల దాన్ని పట్టుకున్నరని ఎంతో కాలానికి చదివిన. చదివినకొద్ది కడుపు మండింది. ఆ వైరస్ మూడు పొరల గుండు. నడిమి పొర విపి6 అనే ప్రోటీన్, పై పొర విపి7. పైపొర నుంచి పల్లేరుగాయకున్నట్టు అరవై ముండ్లు పొడుచుకొస్తయ్, అవి విపి4వి. బిడ్డ తిన్నది అరిగించే ట్రిప్సినే ఆ ముల్లును రెండుగ కోసి, కణంలకు దిగేటట్టు తయారు చేస్తది! లోపలికి పోయినంక పైపొర రాలుతది, మిగిలిన గుండు తన జీన్ల నకళ్లు తీసుడు మొదలువెడతది. అప్పుడు కణంల ఎన్ఎస్‌పి4 అనే ఇంకో ప్రోటీన్ తయారైతది. అది కాల్షియం పెంచి, ఉప్పును, నీళ్లను పేగులకు పారిస్తది. వైరస్ ప్రోటీనే పేగుకు విషమైతదని మొదటిసారి తేలింది 1996ల.

ఇంత తెలిసినంక ఇప్పటోళ్లు చేసేదేంది? రెండు బేదులైతే బండెక్కి అచ్చంపేటకు ఉరుకుడు, సూది ఏయమనుడు, గ్లూకోజు ఎక్కించమనుడు. వైరస్‌ను యాంటీబయాటిక్ ఏం చేస్తది? ఆశా కార్యకర్త ఇచ్చిన ఓఆర్ఎస్ పాకెట్, జింకు గోలీలు గూట్లనే ఉంటయ్. ఓఆర్ఎస్‌ల ఉన్న ఉప్పు, గ్లూకోజు జతగ పోతే పేగు నీళ్లను గుంజుకుంటది, రోగంల గూడ ఆ దారి మొత్తం మూసుకపోదు. తాగలేక సోలిపోయే బిడ్డను దవాఖానకు ఉరికించాలె, అది వేరే మాట.

సర్కారునూ అనాలె. 1980లల్ల ఢిల్లీ ఎయిమ్స్‌ల అప్పుడే పుట్టిన బిడ్డల్ల 116ఈ అనే రోటావైరస్ రకం దొరికింది. దాని విపి4 జీను పశువుల రోటావైరస్‌ది, బిడ్డకు జబ్బు చేయకుంటనే పేగుల్ల పెరిగింది. దాంతోనే హైదరాబాద్‌ల భారత్ బయోటెక్ రోటావాక్ అనే టీకా చేసింది. 2015ల విడుదలైంది. 2016ల ఆంధ్రప్రదేశ్‌ల, ఇంకో మూడు రాష్ట్రాలల్ల సర్కారు ఉచితంగ ఇచ్చుడు మొదలువెట్టింది. టీకా తయారైన తెలంగాణకు 2019 దాక రాలే. మూడేండ్లు! ఆ మూడేండ్లల్ల అమ్రాబాద్ మండలంల పుట్టిన బిడ్డలకు జవాబెవరు చెప్తరు?

ఆ టీకా తీవ్రమైన జబ్బును సగానికి కొంచెం ఎక్కువనే ఆపుతది, మొత్తం ఆపదు. అందుకే టీకా కావాలె, ఓఆర్ఎస్ నీళ్లూ కావాలె. టీకాను ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడుసార్లు ఏయాలె. నల్లమల లోపల పెంట అనే గూడెంల పుట్టిన చెంచు బిడ్డకైనా, హైదరాబాద్‌ల పుట్టిన బిడ్డకైనా ఆరో వారం ఆరో వారమే. వానకు బాట ఖరాబైందని, టీకా పెట్టె రాలేదని చెప్తే నేనొప్పుకోను.